తేనెటీగల్ని పెంచక్కర్లేదు, చంపకుంటే చాలు

రెండేళ్ల కిందట డిసెంబరులో నేను 150 రూపాయలు ఇచ్చి ఒక తేనెతుట్టెను కాల్పించాను. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటున్నాను. ఎందుకంటే ఇవాళ నాకు చాలామంది మీద కోపంగా ఉంది. ఆ చాలామందిలో నేనూ ఒకదాన్ని.

మాది షాద్‌నగర్. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, పదహారు ఇళ్లు. పైన నీళ్ల ట్యాంకు కింది స్లాబుకు దసరా వెళ్లాక పెద్ద తేనెతుట్టె పట్టింది. చూస్తుండగానే చేటంత అయింది. ఒకరోజు పొద్దున గ్రూపులో మెసేజ్: "ట్యాంకు కింద తేనెటీగలు, చాలా డేంజర్, మందు కొట్టేవాళ్లతో మాట్లాడాం, ఒక్కో ఫ్లాటుకు 150." కింద వరసగా బొటనవేళ్లు. పప్పు కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు నేనూ డబ్బులు పంపేశాను. అవి ఎందుకొచ్చాయి, ఎన్నాళ్లుంటాయి, ఎవరినైనా కుట్టాయా అని ఎవరూ అడగలేదు. అప్పటికి అవి ఒక్కరినీ కుట్టలేదు.

రాత్రి ఇద్దరు వచ్చారు. పొడుగాటి వెదురుకు గోనెపట్టా చుట్టి, కిరోసిన్ పోసి అంటించి తుట్టె కింద పెట్టారు. పది నిమిషాల పని. పిల్లలు కింద నిలబడి వీడియోలు తీసుకున్నారు. తెల్లారి వాచ్‌మెన్ భార్య డాబా ఊడ్చి, బకెట్టు నిండా ఎత్తుకుని మెట్లు దిగుతోంది. కొన్ని ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాయి. మా అత్తమ్మ ఆమెను ఆపి, బకెట్టులోంచి తుట్టె ముక్క ఒకటి తీసి చూసింది. గదుల నిండా తెల్లగా, మెత్తగా పురుగుల్లాంటివి.

"తేనె యాడుందే ఇండ్ల? అన్నీ పిల్లలే గదా," అంది. ఇంకేమీ అనలేదు. ఆ పూట ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత తెలుసుకున్నాను. ఆ పెద్ద తేనెటీగల తుట్టెలో తేనె ఉండేది పైన ఒక మూలకే. మిగతాదంతా గుడ్లూ పిల్లలే. మనం తేనెతుట్టె అని పిలుస్తాం కానీ అది ముప్పాతిక వంతు పురిటిల్లు.

నేను డిగ్రీలో తెలుగు చదివినదాన్ని. భ్రమరం, భృంగం, అళి, మధుపం, షట్పదం అని పర్యాయపదాలు గుక్క తిప్పుకోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంటింటా ఒక్కో ముద్ద అడిగి చదువుకునే పేద పిల్లల పద్ధతిని మధుకరం అనేవారనీ, పువ్వుకు నొప్పి కలగకుండా తేనెటీగ తీసుకున్నట్టు తీసుకోవాలనే ఆ పేరనీ చదివాను. ఇంత చదివినదానికి, నా నెత్తి మీదున్న తేనెటీగ నా ఇంటికి ఏం చేస్తోందో మాత్రం తెలియలేదు. తెలిసింది ఫిబ్రవరిలో.

డాబా మీద సంచుల్లో నాకు కాకర, గుమ్మడి, దోస పాదులున్నాయి. ఆ ఏడు పూత విరగబూసింది. పిందె మాత్రం పట్టలేదు. వేలెడంత కాకర పిందె రెండు రోజులకే పసుపెక్కి రాలిపోయేది. ఎరువు తక్కువైందనుకుని పేడనీళ్లు పోశాను, దిష్టి తగిలిందేమోనని పాత చెప్పు కూడా కట్టాను.

మీలో పాదులు పెంచేవాళ్లకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం చెప్తాను. గుమ్మడికి, కాకరకు, దోసకు మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు వెనక చిన్న పిందె ఆకారం ముందే ఉంటుంది. కానీ మగ పువ్వులోని పుప్పొడి వచ్చి ఆడ పువ్వు నడుమ అంటితేనే అది కాయవుతుంది, లేకపోతే రాలిపోతుంది. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి లేవదు. ఎవరో ఒకరు మోసుకురావాలి. పైగా గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. ఒక్కో పువ్వుకు ఉన్నది ఒక్క పొద్దే. ఆ పొద్దున ఈగ రాకపోతే ఆ కాయ లేనట్టే.

బతుకమ్మ పేర్చాక పసుపు ముద్దతో గౌరమ్మను చేస్తాం, దొరికితే గుమ్మడి పువ్వు నడిమి భాగాన్నే గౌరమ్మగా పెట్టి మొక్కుతాం. ఆ పువ్వు నడుమే ఎవరి రాక కోసం ఎదురు చూస్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

మా అమ్మాయి రంగుల డబ్బాలోంచి సన్న కుంచె తీసుకుని డాబా ఎక్కాను. మగ పువ్వులో అద్ది ఆడ పువ్వులో పెట్టడం. ఆరున్నరకు మొదలుపెడితే ఏడున్నర అయ్యేది. కింద టిఫిన్లు, టిఫిన్ బాక్సులు, బడి బస్సు. నేను పైన పూలకు పెళ్లిళ్లు చేస్తున్నాను. మూడు వారాలు చేశాను. కుంచె తాకించిన కాకర పూలు చాలావరకు కాయలయ్యాయి, వదిలేసినవి చాలావరకు రాలాయి. మేము కాల్పించిన ఆ ఒక్క తుట్టె వల్లే ఇలా అయిందని ఒట్టేసి చెప్పను. చుట్టుపక్కల ఖాళీ జాగాలన్నీ వెంచర్లు అవుతున్నాయి, కానుగలు, వేపలు, తుమ్మలు పోయాయి. కానీ వచ్చిన వాటిని కాల్చింది మాత్రం మేమే.

ఈ పని నా కంటే ముందు మా అమ్మకు తెలుసు. మా ఊళ్లో ఒకప్పుడు పొద్దుతిరుగుడు వేసేవాళ్లు. పువ్వులో గింజ తాలు పోకుండా, పూతమీద ఉన్నప్పుడు రెండు వారాల పాటు రోజు విడిచి రోజు పొద్దుటిపూట మెత్తటి గుడ్డతో ప్రతి పువ్వునూ సుతారంగా రుద్దాలి. వ్యవసాయ శాఖవాళ్లు ఇప్పటికీ ఇదే చెప్తారు. చేలో తేనెటీగల పెట్టెలు పెడితే ఈ తిప్పలు తగ్గుతాయనీ వాళ్లే చెప్తారు. అమ్మ అందరితోపాటు కూలికి పోయి పూలు రుద్దేది. చేతులు గరగర, ముఖమంతా పుప్పొడి. "ఈగలు రాకుంటే మనం ఈగలమైతం," అని నవ్వేది. నాకు అప్పుడు జోకులా వినిపించింది.

ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను. మనిషి చేస్తే కూలి, ఈగ చేస్తే ఉచితం. ఉచితంగా అయ్యే పనికి మన దగ్గర విలువెంత ఉంటుందో, అక్కలూ చెల్లెళ్లూ, మీకు నేను చెప్పాలా? పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా చేసి, జనాభా లెక్కలవాళ్లు వస్తే "ఏం పని చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అనిపించుకున్నవాళ్లం. తేనెటీగల్లో కూడా పనిచేసేవన్నీ ఆడవే. చిన్న వయసులో గదులు శుభ్రం చేసి, పిల్లలకు తినిపించి, తర్వాత బయటి పనికి వెళ్తాయి. ఆ పని ఆగిపోయిన రోజునే అది పని అని అందరికీ గుర్తొస్తుంది. జీవ వైవిధ్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీబీఈఎస్ 2016లో ఒక లెక్క తేల్చింది. పరాగ సంపర్కం చేసే జీవుల మీద నేరుగా ఆధారపడిన పంటల విలువ ఏడాదికి 23,500 కోట్ల నుంచి 57,700 కోట్ల డాలర్లట. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత వీటి సాయం కావాలట. దీనికి బిల్లు ఇంతవరకు ఎవరూ పంపలేదు.

అలాగని భయపెట్టే అబద్ధాలు నాకు నచ్చవు. "తేనెటీగలు పోతే మనిషి నాలుగేళ్లు కూడా బతకడని ఐన్‌స్టీన్ అన్నాడు" అని గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆయన అలా అన్నట్టు ఆధారమేమీ లేదు. వరి, గోధుమ, జొన్న, మక్కలకు తేనెటీగ అక్కర్లేదు, గాలి చాలు. మన బాలానగర్ సీతాఫలాలు ఉన్నాయి కదా, సీజన్‌లో హైవే పక్కన గంపల్లో పెట్టి అమ్మేవి, వాటి పువ్వులోకి తేనెటీగ పోనే పోదు, ఆ పని చిన్న చిన్న పెంకు పురుగులు చేస్తాయి. టమాట, వంకాయ పూలను గట్టిగా ఝుమ్మని ఊపితేగానీ పుప్పొడి రాలదు. తేనెటీగకు ఆ విద్య రాదు. ఎండిన కట్టెను తొలిచి గూడు పెట్టుకునే నల్ల తుమ్మెదకు వచ్చు. నేను పర్యాయపదాలు రాసిన తుమ్మెద అదే!

కాబట్టి తేనెటీగలు పోతే అందరం చచ్చిపోం. అన్నం ఉంటుంది. దాని పక్కన ఉండే కాకరకాయ పులుసు, గుమ్మడికాయ కూర, దోసకాయ పప్పు కరువవుతాయి. దొరికినా ధర చూసి గుండె ఆగుతుంది. ఆ లెక్క వేసుకుని వండాల్సింది ఎవరు? మనమే. అందుకే ఇది పర్యావరణంవాళ్ల గొడవ కాదు, మన వంటింటి గొడవ.

ఇప్పుడు అసలు తగవులోకి వస్తాను. ఈ మధ్య పట్నాల్లో తేనెటీగల పెంపకం ఒక మోజైంది. డాబా మీద పెట్టె పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. మంచిదే. కేంద్ర ప్రభుత్వం 2020లో తేనె మిషన్ పేరుతో 500 కోట్లు కేటాయించింది. ఏటా మే 20న ప్రపంచ తేనెటీగల దినోత్సవం జరుపుతున్నారు. మన రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో శిక్షణ కూడా ఇస్తారు, ఆసక్తి ఉంటే వెళ్లి నేర్చుకోండి. నేను దీనికి వ్యతిరేకం కాదు.

కానీ ఒక విషయం ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. పెట్టెల్లో ఎక్కువగా పెంచేవి రెండు రకాలు. ఒకటి మన పుట్ట తేనెటీగ, రెండోది బయటి నుంచి తెచ్చిన ఇటలీ తేనెటీగ. మన ట్యాంకు కింద, సెల్ టవర్ మీద, మర్రి కొమ్మకు వేలాడే పెద్ద తేనెటీగ పెట్టెలో ఉండదు. కంచె పొదల్లో అరచేయంత తుట్టె పెట్టి జుంటి తేనె ఇచ్చే చిన్న తేనెటీగా ఉండదు. అవి ఆరుబయట ఒకే ఒక్క పెర కట్టుకుంటాయి. వాటిని ఎంత డబ్బు పోసినా పెంచలేం. వాటికి మనం చేయగలిగిన సాయం ఒక్కటే, ఉండనివ్వడం. ఒక చేత్తో పెట్టెకు సబ్సిడీ అడుగుతూ, ఇంకో చేత్తో నెత్తి మీది తుట్టెకు నిప్పు పెట్టే ఊరిలో తేనెటీగల దినోత్సవం ఎవరి కోసం?

మీరు ఏమంటారో నాకు తెలుసు. ఆ మాటలన్నీ మా మీటింగులో విన్నవే.

"పిల్లలున్నారు కదా, కుడితే?" ఇది న్యాయమైన మాట. పెద్ద తేనెటీగలు గుంపుగా మీద పడితే ప్రాణాలు పోయిన మాట నిజం. కొందరికి ఒక్క కాటే ప్రమాదం. కాదని ఎవరన్నా అంటే వాళ్లను నమ్మకండి. కానీ అవి ఊరికే వచ్చి మీద పడవు. రాయి వేస్తే, పొగ పెడితే, కింద బాంబులు కాలిస్తే, తుట్టెను గద్ద తన్నితే లేస్తాయి. ఎక్కువగా లేపేది మనమే. సగం తెలిసినవాళ్లు సగం కాల్చి వదిలేసిన తుట్టె, ముట్టుకోని తుట్టె కంటే ప్రమాదం. పిల్లల మీద భయం ఉంటే పిల్లలకు రాయి వేయొద్దని చెప్పడం ముందు పని.

"మందు కొడితే ఒక్కసారికి పీడా పోతుంది కదా?" పోదు. అవి వలస జీవులు. కాలం చూసుకుని వస్తాయి, పోతాయి. మా దగ్గర దసరా తర్వాత వచ్చి ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. పాత జాగాలకే తిరిగి రావడం వాటి అలవాటు. నాలుగైదు నెలలు ఓపిక పడితే వాటంతటవే ఖాళీ చేస్తాయి. అద్దెకున్నవాళ్లు కూడా అంత మర్యాదగా ఖాళీ చేయరు.

"ఇంటికి అరిష్టం." ఒక పంతులు అరిష్టమంటారు, ఇంకొకాయన లక్ష్మి అంటారు. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి వచ్చాక చూద్దాం.

"ఊళ్లల్లో అడవుల్లో ఉంటాయిలే, పట్నంలో ఎందుకు?" అన్నింటికన్నా ఈ మాటకే నాకు మండుతుంది. నల్లమలలో చెంచులు కొండ చరియల మీద నుంచి తాళ్లతో దిగి తేనె తీస్తారే, ఆ తేనెటీగే ఇది. దానికి ఎత్తైన చరియ కావాలి. షాద్‌నగర్ చుట్టూ పెద్ద చెట్లు కొట్టి, నాలుగంతస్తుల చరియలు కట్టింది మనం. అది మన ఇంటికి రాలేదు, దాని చెట్టు ఉన్నచోట మన ఇల్లు లేచింది. ఇక ఊళ్ల సంగతంటారా? చేనంతా పత్తి, విత్తనానికి పట్టించి వచ్చేదే ఇమిడాక్లోప్రిడ్. ఆ మందుతో పాటు అదే జాతివి మొత్తం మూడింటిని ఆరుబయట పంటల మీద వాడొద్దని యూరప్ దేశాలు 2018లో నిషేధం పెట్టుకున్నాయి. ఊళ్లో మందు, పట్నంలో మంట. ఎక్కడికి పోవాలి అవి?

నిరుడు అవి మళ్లీ వచ్చాయి. అదే ట్యాంకు, అదే స్లాబు. మళ్లీ అదే మెసేజ్, ఈసారి 200. నేను ఇవ్వనన్నాను. గ్రూపులో ఎప్పుడూ పండగ శుభాకాంక్షలే పెట్టే మనిషిని, అంత పొడుగు మెసేజ్ పెట్టేసరికి మా ఆయనకు రెండు ఫోన్లు వచ్చాయి, "వదినకు ఏమైంది" అని. మీటింగు పెట్టారు. తొమ్మిది ఇళ్లు ఉండనిద్దామన్నాయి, ఏడు వద్దన్నాయి. డాబా తలుపుకు తాళం వేశాం. ట్యాంకు వైపు లైటు తీసేశాం, ఎందుకంటే రాత్రి వెలుగుకు అవి ఇళ్లలోకి వస్తాయి. పైఅంతస్తు కిటికీలకు దోమతెర కొట్టించాం. నా పాదులకు నీళ్లు పోయడానికి పొద్దున్నే చప్పుడు చేయకుండా వెళ్లేదాన్ని.

అంతా సుఖాంతం అని చెప్పను. జనవరిలో కింది ఫ్లాటు అక్క మనవణ్ణి ఒక ఈగ చెంప మీద కుట్టింది. మొహం వాచింది, రాత్రంతా ఏడ్చాడు. నేను పరుగెత్తుకెళ్లి ముల్లు గీకి తీసి, ఐసు పెట్టి, డాక్టరు దగ్గరికి వాళ్లతో పాటు వెళ్లాను. తగ్గిపోయింది. కానీ ఆ అక్క ఈరోజుకీ నాతో మాట్లాడదు. "నీ ఈగలు" అంటుంది. ఆమె కోపం తప్పని నేను అనను. అదే పిల్లవాడికి ఊపిరాడకపోయి ఉంటే నేను ఈ రాతలు రాసేదాన్ని కాదేమో. అందుకే మీకూ చెప్తున్నాను: కుట్టగానే ముల్లు గీకేయండి, చల్లది పెట్టండి. పెదాలు వాచినా, ఆయాసమొచ్చినా, చాలా ఈగలు కుట్టినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. కుడితే పడని మనిషి ఇంట్లో ఉండి, తుట్టె సరిగ్గా తలుపు ముందే పడితే, చంపకుండా పొగతో లేపి తీసేవాళ్లను పిలిపించండి. ఆ మాత్రం పట్టుదల తగ్గించుకోవడానికి నేను సిద్ధమే.

కానీ ఆ ఒక్క కాటుకు బదులు బకెట్టు నిండా ప్రాణాలంటే మాత్రం ఒప్పుకోను. కుక్క కరిచిందని ఊళ్లో కుక్కలన్నింటినీ కాల్చం. స్కూటరు గుద్దిందని రోడ్డు తవ్వేయం.

ఇంకొక్క మాట, పాదులు పెంచే మన ఆడవాళ్లకే. పేనుబంక కనబడగానే మందు సీసా తీసి పొద్దున్నే పూల మీద కొడుతున్నాం. అది ఈగలు తిరిగే వేళ. కొట్టక తప్పకపోతే సాయంత్రం పూలు ముడుచుకున్నాక కొట్టండి, వేపనూనెతో పోయేదానికి ఘాటు మందులు వద్దు. తులసి, ధనియాలు, ఆవాలు నాలుగు మొక్కలు పూతకు వదిలేయండి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, మునిగిపోకుండా వాలి తాగుతాయి. దీనికి పెట్టె అక్కర్లేదు, సబ్సిడీ అక్కర్లేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున చూస్తే తుట్టె ఖాళీ. చెప్పకుండా వెళ్లిపోయాయి. ఆ ఏడు రంగుల కుంచె అమ్మాయి డబ్బాలోనే ఉంది. కాకరకాయలు ఇంటికి సరిపోగా మిగిలాయి. కింది ఫ్లాటు అక్క తలుపుకు ఒక సంచి తగిలించి వచ్చాను. సంచి తిరిగి రాలేదు, కాయలూ తిరిగి రాలేదు. తినే ఉంటారు.

రేపు మీ గ్రూపులోనూ ఆ మెసేజ్ వస్తుంది. డబ్బులు పంపే ముందు, కుక్కర్ మూడో విజిల్ దాకానైనా ఆగి, "ఇప్పటిదాకా ఎవరినైనా కుట్టాయా?" అని ఒక్క ప్రశ్న అడగండి. నేను అడగలేదు.